గవ్వలదీవికి వెళ్లిన ముళ్లపంది

అనగనగా సముద్రానికి ఈవలి ఒడ్డున నల్లకొండ అనే అడవి ఒకటి ఉండేది. ఆ అడవిలో పది కుటుంబాలు కొండవాలు దున్నుకుని, కొర్ర పండించుకుని బతికేవి. కుందేళ్లు, ఉడతలు, ముంగిసలు, అడవికోళ్లు, అందరూ రైతులే. వాళ్లందరిలోకీ మొండిది ఒక ముళ్లపంది. పేరు పైడమ్మ. ఒక పని పట్టిందంటే అయ్యేదాకా వదలదు. వద్దన్నకొద్దీ పట్టు బిగుస్తుంది. కోపం వస్తే ముళ్లన్నీ లేచి నిలబడతాయి. అందుకని పైడమ్మను మెచ్చుకోవాలన్నా ఎవరూ దగ్గరికెళ్లి వీపు తట్టరు, నాలుగు అడుగుల దూరం నుంచే మెచ్చుకుంటారు.

నల్లకొండలో డబ్బంటే గురివింద గింజలు. ఎర్రగా, ముచ్చటగా, తల మీద నల్లచుక్కతో ఉంటాయి. తినడానికి పనికిరావు, విషం. ఆకలేసి ఎవరూ తినెయ్యరు కాబట్టే డబ్బుగా పనికొచ్చాయి. ఒక గింజ ఇస్తే రెండు ముంతల అంబలి వస్తుంది. తాతల నాడూ అంతే, ఇవాళా అంతే.

ధర మారని చోట ధర అడగాల్సిన పని ఏముంది? అందుకని అక్కడ ఎవరూ అడిగేవారు కాదు. ఆ అలవాటే మెల్లగా మర్యాద అయి కూర్చుంది. కొట్టు ముందు నిలబడి "ఎంత?" అన్నారంటే, "నిన్ను నమ్మను" అన్నట్టే లెక్క. ఇచ్చినవాళ్ల ఎదుటే లెక్కపెట్టుకోవడం అంతకన్నా పెద్ద తప్పు. పిల్లలు తెలియక అడిగితే తల్లులు చెవి మెలిపెట్టేవారు. పైడమ్మ చెవి కూడా చిన్నప్పుడు రెండుసార్లు అలా ఎర్రబడింది.

ఒక ఏడు వేసవి చివర్లో, ఎవరూ అనుకోని వాన కురిసింది. కొండవాగు పొంగి విత్తనాల పాతరలోకి నీళ్లు దూరాయి. పాతర తెరిచి చూస్తే విత్తనాలన్నీ ముక్కిపోయి, బూజు పట్టి, ముద్దకట్టి ఉన్నాయి. తొలకరి పది రోజుల్లో పడుతుంది. అప్పటికి విత్తనం లేకపోతే పంట లేదు. పంట లేకపోతే వచ్చే ఏడాదంతా పది ఇళ్లలోనూ పస్తులే.

పెద్ద దిక్కయిన దుప్పి తాత అందరినీ పిలిచాడు. సముద్రానికి అవతల గవ్వలదీవి అనే వేరే దేశం ఉందనీ, అక్కడ కొర్ర విత్తనాలు అమ్ముతారనీ చెప్పాడు. ఇంటికి పది చొప్పున గురివింద గింజలు పోగు చేశారు. మొత్తం వంద. ఇంతకు మించి ఇంకొక్క గింజ ఎవరి దగ్గరా లేదు. ఎవరు వెళతారు అని దుప్పి తాత అడిగేసరికి అందరూ నేల చూపులు చూశారు. సముద్రం దాటినవాళ్లు వాళ్లలో ఒక్కరూ లేరు మరి.

పైడమ్మ లేచి సంచీ భుజాన వేసుకుంది.

"పది ఇళ్లకు పది కుంచాల విత్తనాలు తెస్తాను. తేకుండా తిరిగి రాను," అంది.

అందరికీ గుండెల మీద నుంచి బరువు దిగినట్టయింది. పైడమ్మ మాటంటే మాటే. పైగా ముళ్లపంది దగ్గర సంచీ లాక్కోవాలంటే ముందు దొంగకే రక్తం వస్తుంది.

సముద్రం దాటించే పని గంగులు అనే తాబేలుది. ఒక రోజు ప్రయాణం. కూలి కింద తామర దుంపలు పుచ్చుకుంటాడు. అతను పెద్దగా మాట్లాడే రకం కాదు. సగం దూరం పోయాక మాత్రం ఒక్క మాట అడిగాడు. దీవిలో గురివింద గింజలు చెల్లవనీ, అక్కడ అన్నిటికీ గవ్వలే కావాలనీ చెప్పి, ఆ గవ్వల విలువ సంగతి తెలుసా అన్నాడు.

పైడమ్మకు తెలియదు. గవ్వ అన్నది ఆడుకోవడానికి తప్ప దేనికైనా పనికొస్తుందని కూడా తెలియదు. కానీ ఎంత అని అడగడం తప్పని నేర్చుకుని పెరిగింది మరి. నోరు రాలేదు.

"తెలుసులే," అంది.

పిల్లలూ, ఆ చిన్న అబద్ధం ఎంత ఖరీదైనదో ముందు ముందు మీరే చూస్తారు. తెలుసన్నవాళ్లకు చెప్పడం తన పని కాదనుకుని తాబేలు ఈదుకుంటూ పోయాడు.

మర్నాడు పొద్దున్నే దీవి రేవులో దిగారు. రేపు మధ్యాహ్నం పోటు రాగానే తిరిగి బయలుదేరతాననీ, ఆ పోటు తప్పితే మళ్లీ పదిహేను రోజులకు గానీ ఇటు రాననీ గంగులు చెప్పాడు. పదిహేను రోజులంటే తొలకరి వచ్చి వెళ్లిపోతుంది. పైడమ్మ సంచీ గట్టిగా పట్టుకుని ఒడ్డెక్కింది.

ఒడ్డున మొదటి అడుగులోనే తాటాకు గొడుగు కింద ఒక ఎర్రపీత కూర్చుని ఉన్నాడు. పేరు ఎర్రయ్య. అతని ముందు ఒక పళ్లెం, పళ్లెం నిండా దారానికి గుచ్చిన గవ్వల దండలు. పైడమ్మను చూడగానే నోరారా పలకరించాడు. ఊళ్లో ఈ గింజలు ఎవరూ ముట్టుకోరనీ, ఇక్కడే మార్చుకుని వెళితే హాయిగా ఉంటుందనీ చెప్పాడు. గింజకు ముప్పై గవ్వలిస్తానన్నాడు.

ఒక్క గింజకు ముప్పై గవ్వలు. పైడమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మా ఊళ్లో ఒకటిచ్చే చోట ఇక్కడ ముప్పై వస్తున్నాయి, ఇంతకన్నా ఏం కావాలి అనుకుంది. ముప్పై గవ్వలకు ఈ దీవిలో ఏమొస్తుందో అడగలేదు. ఇంకో చోట ఎంతిస్తారో అడగలేదు. అడిగితే ఇంత మర్యాదగా మాట్లాడే పీత నొచ్చుకుంటాడేమోనని సంచీ మూతి విప్పి అతని ముందు పెట్టేసింది.

ఎర్రయ్య డెక్కలతో టకటకా లెక్కపెట్టి యాభై గింజలు తీసుకునేసరికి పళ్లెంలో గవ్వలు అయిపోయాయి. నూటికొకటి లెక్కన పదిహేను దండలు ఇచ్చి, తక్కిన యాభై గింజలకు రేపు పొద్దున రమ్మన్నాడు. పళ్లెం ఇంకాస్త పెద్దదై ఉంటే పైడమ్మ వంద గింజలూ అక్కడే పోసి వచ్చేది. ఆ పూట ఆమెకు కలిసొచ్చింది పళ్లెం చిన్నది కావడం ఒక్కటే.

దండలు లెక్కపెట్టుకోలేదు. అతని ఎదుట ఎలా లెక్కపెడుతుంది? పదిహేను దండలూ మెడలో వేసుకుని పెళ్లికూతురిలా బజారుకు నడిచింది.

బజారు మొదట్లో నూకమ్మ అనే బాతు అంబలి అమ్ముతోంది. నిన్నటి నుంచి సముద్రపు గాలి తప్ప పైడమ్మ కడుపులో ఏమీ లేదు. ఒక ముంత అంబలి తీసుకుని గటగటా తాగి, దండలోంచి రెండు గవ్వలు తీసి పీట మీద పెట్టింది. ఇక్కడ కూడా ఎవరూ ఏమీ అడగరనుకుంది.

నూకమ్మ ఆ రెండు గవ్వల వైపూ, ఆమె వైపూ చూసి, ముంత అంబలి ఇరవై గవ్వలని చెప్పింది. ఆ మాటలో కోపం లేదు. పైడమ్మ గబగబా ఆ దండ మెడలోంచి తీసింది. దండ చేతికిస్తే నూకమ్మ ఇరవై తీసుకుని, తక్కినవి ఆమె కళ్ల ముందే లెక్కపెట్టి ఇచ్చింది. ముందు తీసిన రెండూ కలుపుకుంటే ఆ దండలో తొంభై గవ్వలే ఉన్నాయి. రెండో దండ చూశారు. అందులోనూ తొంభై. పదిహేనూ అంతే.

రేవులో పీత దగ్గర మార్చావా అని నూకమ్మ అడిగింది. అతను గింజకు ముప్పై అని చెప్పి, ప్రతి నూటికీ పది తన కూలి కింద తీసేసుకుంటాడట. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతే.

"మరి నాకు చెప్పలేదే," అంది పైడమ్మ.

"అడిగినవాళ్లకు చెబుతాడమ్మా. అడగనివాళ్లకు చెప్పి ఎందుకు పోగొట్టుకుంటాడు?" అంది నూకమ్మ.

పైడమ్మ ఒక మూల కూర్చుని ఖాళీ ముంత ముందు పెట్టుకుని లెక్క వేసింది. మా ఊళ్లో ఒక గింజకు రెండు ముంతల అంబలి. ఇక్కడ రెండు ముంతలంటే నలభై గవ్వలు. అంటే నా గింజ విలువ ఇక్కడ నలభై గవ్వలు. నేను పుచ్చుకున్నది ముప్పై. కూలి పోను చేతికొచ్చింది ఇరవై ఏడు. రెండు ముంతల విలువ చేసే గింజను ఒకటిన్నర ముంత కూడా రాని ధరకు ఇచ్చి వచ్చాను. అది కూడా ఒకటి కాదు, యాభై గింజలు.

ఆ ముప్పై అన్న మాట ఎంత పెద్దగా కనిపించిందో తలుచుకుంటే ఆమెకు ఒళ్లు మండింది. ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. పక్కన అంబలి తాగుతున్నవాళ్లు ముంతలు పట్టుకుని దూరం జరిగారు.

ఇక తప్పదు. కొర్ర విత్తనాలు ఎంత అని నూకమ్మను అడగాలి. ఆ మాట నోట్లోంచి రావడానికి పైడమ్మకు చాలాసేపు పట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎవరినీ అడగని మాట అది. తల వంచుకుని, నేల మీద ముంతతో గీతలు గీస్తూ అడిగింది. నూకమ్మ నొచ్చుకోలేదు, నవ్వలేదు. కుంచం నాలుగు వందలని మామూలుగా చెప్పింది.

పది కుంచాలంటే నాలుగు వేల గవ్వలు. చేతిలో ఉన్నవి పదమూడు వందల ముప్పై. తక్కిన యాభై గింజలూ పీతకే ఇస్తే ఇంకో పదమూడు వందల యాభై వస్తాయి. అన్నీ కలిపినా ఆరు కుంచాలకు మించి రావు. ఆరు ఇళ్లకు విత్తనాలు, నాలుగు ఇళ్లకు ఆకలి. ఏ నాలుగు ఇళ్లు అని పైడమ్మ ఆలోచించబోయింది. ఉడత ఇంట్లో ఆరుగురు పిల్లలు. ముంగిస ఇంట్లో మంచం పట్టిన ముసలాయన. ఒక్క ఇంటిని కూడా మనసులోంచి తీసెయ్యలేకపోయింది. సిగ్గేసింది, భయమేసింది, ఏడుపొచ్చింది. కానీ ఏడుస్తూ కూర్చుంటే గవ్వలు పెరగవు.

ముంత పక్కన పెట్టి లేచింది. సిగ్గుపడినందుకే సగం పోయింది, ఇంకా సిగ్గుపడితే తక్కిన సగం కూడా పోతుంది అనుకుంది. రేపు మధ్యాహ్నం లోపల ఈ దీవిలో ఎంతమందిని అడగాలో అంతమందినీ అడుగుతాను అని గట్టిగా అనుకుంది. ఏమని అడగాలో నూకమ్మనే అడిగింది.

"గింజకు ఎన్ని అని అడగడం కాదమ్మా," అంది నూకమ్మ. "అన్నీ పోను చేతికి ఎన్ని అని అడుగు. ఆ పైన గవ్వలు పట్టి చూసుకో, వాళ్ల ఎదుటే లెక్కపెట్టుకో. ఇక్కడ దాన్ని ఎవరూ తప్పుగా అనుకోరు."

బజారులో నాలుగు అడుగులు వేసిందో లేదో ఒక కాకి పక్కన వాలాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించి, గింజకు అరవై గవ్వలిస్తానన్నాడు. కూలీ గీలీ ఏమీ లేదట, అరవైకి అరవై చేతికేనట. కానీ బజారులో కాదు, ఉప్పు కుప్పల వెనక్కి రావాలట. పైడమ్మ మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. యాభై గింజలకు మూడు వేలు. చేతిలో ఉన్నవాటితో కలిపితే పది కుంచాలూ వచ్చేస్తాయి. పోగొట్టుకున్న సంగతి ఎవరికీ చెప్పక్కర్లేదు కూడా.

ఉప్పు కుప్పల వెనక్కి వెళ్లింది. కాకి ఒక మూట చూపించి గింజలు పొయ్యమన్నాడు. ముందు ఒక దండ ఇస్తే నూకమ్మకు చూపించి వస్తానంది పైడమ్మ. కాకి ముఖం మాడ్చుకున్నాడు.

"ఏం, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు.

నల్లకొండలో ఆ ఒక్క మాట అంటే చాలు, ఎవరైనా తల దించుకుని ఉన్నదంతా ఇచ్చేస్తారు. పైడమ్మ చెవులు కూడా ఎర్రబడ్డాయి. చెయ్యి సంచీ మూతి మీదికి పోయింది. అంతలో ఉడత పిల్లలు ఆరుగురూ కళ్ల ముందు మెదిలారు. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నమ్మకం సంగతి తర్వాత. ముందు చూస్తాను," అంది.

మూటలోంచి తనే ఒక దండ లాగి వేలితో గట్టిగా రుద్దింది. తెల్లటి పొడి రాలింది. అవి గవ్వలు కావు, సున్నం పూసిన నత్తగుల్లలు. పైడమ్మ ముళ్లు లేచేసరికి కాకి మూట కూడా వదిలేసి ఎగిరిపోయాడు.

అందరికన్నా ఎక్కువిస్తానన్నవాడి దగ్గర అసలు డబ్బే లేదన్నమాట. పైడమ్మ అక్కడి నుంచి తిన్నగా రేవుకు వెళ్లింది. పొద్దున ఇచ్చిన గింజలు తిరిగి ఇచ్చేస్తాడేమో అడుగుదామని. ఎర్రయ్య అంతే మర్యాదగా పలకరించాడు. గింజలు తిరిగి కావాలంటే ఇస్తానన్నాడు, గింజకు యాభై గవ్వల చొప్పున.

పొద్దున ముప్పై ఇచ్చి తీసుకున్న గింజ సాయంత్రానికి యాభై ఎలా అయిందని పైడమ్మ అడిగింది. ఇప్పుడు ఆమెకు అడగడం అంత కష్టంగా లేదు. కొనేటప్పుడు ఒక ధర, అమ్మేటప్పుడు ఒక ధర ఉంటాయనీ, ఆ రెంటికీ మధ్య ఉన్నదే తన బతుకుతెరువనీ ఎర్రయ్య చెప్పాడు. ఆ చెప్పడంలో తడబాటు లేదు, దాపరికం లేదు.

"పొద్దున అడిగుంటే పొద్దునే చెప్పేవాణ్ణి కదమ్మా," అన్నాడు.

అది నిజమే. అందుకే పైడమ్మకు అతని మీద కన్నా తన మీదే ఎక్కువ కోపం వచ్చింది. తక్కిన గింజలకు ముప్పై అయిదిస్తానని అతను బేరం పెంచాడు. కూలి పోను చేతికి ఎన్ని అని అడిగింది. పీత కాస్త గొణిగి, ముప్పై ఒకటిన్నర అన్నాడు. ఆమె ఒక నమస్కారం పెట్టి వచ్చేసింది. అప్పటికే బజారు కట్టేస్తున్నారు. నూకమ్మ పాకలోనే ఒక పక్కగా పడుకుంది.

తెల్లవారగానే ఇంకో ముంత అంబలి తాగి, ఇరవై గవ్వలు ఇచ్చి, బజారు నడిబొడ్డుకు వెళ్లింది. అక్కడ డబ్బు మార్చేవాళ్లు ముగ్గురు వరసగా కూర్చుంటారు. మొదట ఉన్న కొంగ కూలి పోను చేతికి నలభై అన్నాడు. రెండో చోట ఉన్న గోరింక నలభై రెండు అంది. చివర ఉన్న ముసలి గూడబాతు వీరాస్వామి నలభై నాలుగు అన్నాడు, కోత ఏమీ లేదన్నాడు. పైడమ్మ మళ్లీ మొదటికి వెళ్లి, వీరాస్వామి నలభై నాలుగిస్తున్నాడు, నువ్వు ఇంకా ఇస్తావా అని కొంగను అడిగింది. గోరింకను అడిగింది. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. అప్పుడు గానీ గూడబాతు ముందు కూర్చోలేదు.

యాభై గింజలకు ఇరవై రెండు వందల గవ్వలు. ఇరవై రెండు దండలు వచ్చి ఆమె ముందు పడ్డాయి. పైడమ్మ మొదటి దండ తీసుకుని, గవ్వ తరవాత గవ్వ జరుపుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇచ్చినవాడు ఎదురుగా కూర్చుని ఉండగా లెక్కపెట్టడం ఆమె జన్మలో అదే మొదటిసారి. పొద్దెక్కుతోంది. మధ్యాహ్నం పోటు ఆగదు. అయినా ఒక్క దండను కూడా వదలలేదు.

"నెమ్మదిగా లెక్కపెట్టుకో తల్లీ, నాకూ ఒక కునుకు పడుతుంది," అని వీరాస్వామి కళ్లు మూసుకున్నాడు.

పదిహేడో దండలో రెండు గవ్వలు తక్కువొచ్చాయి. చెబితే ఏమంటాడోనని పైడమ్మ ఒక్క క్షణం ఆగి, చెప్పేసింది. గూడబాతు కళ్లు తెరిచి, తనూ ఒకసారి చూసుకుని, రెండు గవ్వలు తీసి ఇచ్చి మళ్లీ కళ్లు మూసుకున్నాడు. అంతే. ఎవరి మర్యాదా పోలేదు. మంచివాడి లెక్కలో కూడా పొరపాటు ఉండొచ్చని పైడమ్మకు అప్పుడు తెలిసింది.

ధాన్యం కొట్టు ఒక పందికొక్కుది. ధాన్యానికి కాపలా పందికొక్కు ఏమిటని నవ్వకండి, ఆ దీవిలో అతన్ని మించిన వ్యాపారి లేడు. పేరు చిన సత్తెయ్య. పైడమ్మ విత్తనాలు దోసిట్లో పోసుకుని చూసింది, కొరికి చూసింది. పురుగు లేదు, తడి లేదు. ఆమె దగ్గర ఇప్పుడు ఉన్నవి మూడు వేల అయిదు వందల పది గవ్వలు. నాలుగు వందల చొప్పున ఎనిమిది కుంచాలే వస్తాయి. మిగిలేవి తొమ్మిదో కుంచానికి చాలవు.

ధర తగ్గించమంది. సత్తెయ్య కుదరదన్నాడు. ఒకేసారి తొమ్మిది కుంచాలు కొనేవాళ్లు నీకు రోజూ వస్తారా అని అడిగింది. రారన్నాడు, కానీ కుదరదన్నాడు. వచ్చే ఏడు కూడా మా అడవి వాళ్లు ఎవరి దగ్గర కొనాలో చెప్పేది నేనే అంది. సత్తెయ్య మీసాలు దువ్వుకున్నాడు. పైడమ్మ అతని గడప మీద కూర్చుంది, కదలలేదు. ముళ్లపంది గడప మీద కూర్చుంటే ఇంకో కొనుగోలుదారు లోపలికి ఎలా వస్తాడు? కాసేపటికి సత్తెయ్యే దిగొచ్చాడు. కుంచం మూడు వందల తొంభై. తొమ్మిది కుంచాలకు మూడు వేల అయిదు వందల పది.

చివరి గవ్వ కూడా ఇచ్చేసింది. తొమ్మిది మూటలూ సత్తెయ్య బండి మీద వేయించి రేవుకు పరుగు తీసింది. పోటు వచ్చేసింది. గంగులు అప్పటికే మూడు కాళ్లు నీళ్లలో పెట్టి, నాలుగోది ఇసుక మీద ఆనించి ఎదురుచూస్తున్నాడు.

సముద్రం మధ్యకు వచ్చాక పైడమ్మ నోరు విప్పింది. పీత సంగతి ముందే ఎందుకు చెప్పలేదని గంగులును నిలదీసింది.

"తెలుసన్నావు కదా," అన్నాడు తాబేలు.

ఒడ్డు చేరేదాకా పైడమ్మ మూటలు తడవకుండా పట్టుకుని కూర్చుంది.

నల్లకొండలోని తక్కిన తొమ్మిది కుటుంబాలూ ఒడ్డుకొచ్చి నిలబడి ఉన్నాయి. మూటలు దిగుతుంటే పిల్లలు కేరింతలు కొట్టారు. పైడమ్మ ఒక్కొక్క ఇంటి పేరూ పిలిచి మూట చేతికిచ్చింది. ఉడత ఇంటికి ఒకటి, ముంగిస ఇంటికి ఒకటి, అడవికోడి ఇంటికి ఒకటి. తొమ్మిదోది దుప్పి తాత కాళ్ల దగ్గర పెట్టింది. అందరూ పదో మూట, అంటే పైడమ్మ ఇంటి మూట కోసం తాబేలు వీపు వైపు చూశారు. అక్కడ ఏమీ లేదు.

సముద్రం కల్లోలంగా ఉంది, ఒక మూట నీళ్లలో పడిపోయింది అని చెబితే ఎవరూ అడిగేవాళ్లు లేరు. దారి పొడుగునా ఆ మాట పైడమ్మ నాలుక చివర ఆడుతూనే ఉంది. అయినా చెప్పలేదు. పది తెస్తానన్న మాట తప్పానని ఒప్పుకుని, జరిగింది జరిగినట్టు చెప్పింది. తెలియకపోయినా తెలుసన్నానని చెప్పింది. ముప్పై అనగానే పొంగిపోయానని చెప్పింది. అడగడానికి సిగ్గుపడి ఎనిమిది వందల యాభై గవ్వలు పోగొట్టానని, రెండు కుంచాలకు పైగా విత్తనాలు అలా పోయాయని చెప్పింది.

దుప్పి తాత, తొమ్మిది మూటల్లోంచి తలా కాస్త తీస్తే పైడమ్మకూ సరిపోతుందన్నాడు. అందరూ సరేనన్నారు. ఉడత మూట విప్పబోయింది కూడా.

"వద్దు," అంది పైడమ్మ. "మీరు తీసే ప్రతి పిడికెడూ మీ పంటలో తగ్గుతుంది. పోగొట్టింది నేను. ఈ ఏడు బీడు పడితే నా చేనే పడాలి. నాకు విత్తనాలు వద్దు, ఒక్క మాట ఇవ్వండి చాలు. ఇక మీదట మన పిల్లలు ఎంత అని అడిగితే చెవి మెలిపెట్టకండి."

అడవికోళ్లు గుసగుసలాడుకున్నాయి. ముసలి ముంగిస ముఖం పక్కకు తిప్పుకున్నాడు. తాతల నాటి మర్యాద ఒక్క మాటతో పోతుందా? పైడమ్మ ఉన్నచోటు నుంచి కదలలేదు. అందరూ దుప్పి తాత ఏమంటాడా అని చూశారు. ఆయన గిట్టతో ఇసుకను గీరాడు. ఆ మర్యాదను అందరికన్నా గట్టిగా పట్టుకున్నది ఆయనే. చివరికి తల ఎత్తి, అందరికీ వినపడేలా అడిగాడు.

"పైడమ్మా, కుంచం ఎంతకు కొన్నావు?"

ఆ అడవిలో ఆ మాట అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ అడగలేదు. పైడమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మూడు వందల తొంభై గవ్వలకు తాతా. సరిగ్గా మార్చుకుంటే మన లెక్కలో తొమ్మిది గింజలు కూడా కాదు. నాకు మాత్రం పదకొండు పడ్డాయి," అని చెప్పింది.

దుప్పి తాత ఆ లెక్క పిల్లలందరి చేతా మూడుసార్లు చెప్పించాడు.

నాలుగు రోజులకు తొలకరి పడింది. తొమ్మిది చేలూ పచ్చగా మొలిచాయి. పైడమ్మ చేను మాత్రం కొండవాలు మధ్యన ఎర్రగా, బోడిగా, అందరికీ కనిపిస్తూ ఉంది. ఆమె పొద్దున ఇరుగుపొరుగు చేలలో కలుపు తీసేది, సాయంత్రం అడవిలో దుంపలు తవ్వుకుని తినేది. తన చేను పక్క నుంచి వెళ్లేటప్పుడు ముఖం తిప్పుకునేది కాదు. ఆ ఏడు నల్లకొండలో ఎవరూ పస్తులు పడుకోలేదు.

నీతి: కొత్త దేశంలో డబ్బు మార్చుకునే ముందు అక్కడి డబ్బుకు ఏమొస్తుందో, చేతికి ఎంత వస్తుందో అడిగి తెలుసుకోవాలి. అడగడానికి సిగ్గుపడితే ఆ సిగ్గు ఖరీదు మనమే కట్టుకోవాలి.